అరగంట దేశాలు

8 జనవరి 2007, సోమవారం

ఊరికే! నిజంగా ఊరికే ఇచ్చేస్తున్నారు!

ఇవాళ నేను పనిచేసే నెట్ సెంటరుకి జనం రాలేదు. సెంటరు నడిపే హెలెన్ మేడం గారు కుర్చీలో కునుకు తీస్తుంటే, బ్లాగు నడుపుకునే సాఫ్ట్‌వేరు కోసం వెతికి వెతికి పేపర్‌కైట్ అనేదాన్ని పట్టుకున్నాను. రెండుసార్లు కరెంటు పోయి, మూడోసారికి పూర్తిగా దిగింది. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక దొరికినప్పుడు కూర్చుని తలా కాస్తా రాశారట. లోపలి కోడంతా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మళ్ళీ పదిమందికి పంచొచ్చు. మూడేళ్ళు బీఎస్సీ కంప్యూటర్స్ వెలగబెట్టాను, ఒక్క మాస్టారూ ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే బుద్ధిగా చదివేదాన్ని. చదివేదాన్ని కాదులే, అదీ నాకు తెలుసు.

మేడం గారు లేచి, "ఏంటమ్మా సత్యశ్రీ, అలా నోరు తెరుచుకుని చూస్తున్నావు?" అన్నారు.

"ఇదంతా ఫ్రీ అండి!"

"ఫ్రీ అంటే ముందు అనుమానించాలి," అన్నారు. ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసి రిటైరయ్యారు కదా, ఆవిడకి దేన్ని చూసినా అనుమానమే.

9 జనవరి

నా బ్లాగు వచ్చేసింది. పేరు 'లాకు గట్టు', మా ఇల్లున్న కాలువ గట్టు పేరే. చూసినవాళ్ళు ఒకరు. అది నేనే.

19 జనవరి, శుక్రవారం

లస్కరు కూతురినైనందుకు ఇవాళ కూడా పొద్దున్నే కేకలకి లేచాను. రెండో పంట దాళ్వాకి నీళ్ళు చాలవని ఈసారి వంతులు పెట్టారు. రెండు రోజులు ఎగువనున్న రామాయమ్మపాలెం కాలువకి, రెండు రోజులు శివారున ఉన్న తూర్పుదిబ్బకి. సాయంత్రం ఆరింటికి మారాలి. కాలువకి నీళ్ళు వదిలే లాకు తలుపులు తిప్పేది నాన్నే కాబట్టి అందరూ వచ్చి పడేది మా గుమ్మంలోనే. ఏ తారీకు ఎవరిదో ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసు వాళ్ళు ఒక కాయితం ఇచ్చారు. కార్బన్ కాపీ, చీమతలకాయంత అక్షరాలు. నాన్న దాన్ని ఎండలోకి పట్టుకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి "చూసి చెప్పమ్మా, చత్వారం వచ్చింది" అంటాడు.

"ఆయ్, ఇవాళ మాదేనాండీ?" అని గుమ్మంలోంచి ఒకాయన.

"ఆ కాయితం మెడలో కట్టుకుని తిరగండి, సరిపోతుంది," అని పొయ్యి దగ్గర నుంచి అమ్మ.

అప్పుడు తట్టింది నాకు. పేపర్‌కైట్‌కి ప్లగిన్లని ఉంటాయి. అసలు సాఫ్ట్‌వేరుని ముట్టుకోకుండా దానికి తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు. ఎవరికి కావలసింది వాళ్ళు రాసుకుని, మిగతావాళ్ళకీ పెడతారు. వందల్లో ఉన్నాయి. అందులో ఒకటి ఐనో అనే ఆవిడ రాసింది. ఫిన్లాండులో లైబ్రేరియన్ అట. వాళ్ళకి పుస్తకాల బస్సు ఒకటి ఉంది, మంచులో ఊరూరా తిరుగుతుంది. ఇవాళ బస్సు ఏ ఊళ్ళో ఉందో బ్లాగులో చూపించడానికి రాసుకుంది. నేను వాళ్ళ ఊళ్ళ పేర్లు తీసేసి మన ఊళ్ళ పేర్లు పెట్టాను, తారీకులు, గంటలు పెట్టాను. అంతే! ఆవిడ పుస్తకాల బస్సు నడిచే దారిలో మన గోదావరి నీళ్ళు నడుస్తున్నాయి. నేనెవరో ఆవిడకి తెలియదు. మా మొగల్తూరు అనే ఊరుందని కూడా తెలియదు. అయినా నాకు అవసరం పడుతుందని ముందే రాసి పెట్టినట్టుంది. ఒళ్ళు జలదరించింది నిజంగా.

ఒక్కటే చిన్న లోపం. మన టైము గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు కదా, గడిలో 5.5 కొడితే సేవ్ చేశాక 5 అని చూపిస్తోంది. రెండుసార్లు కొట్టాను. అందుకని బ్లాగు గడియారం అరగంట వెనక నడుస్తోంది. పర్లేదులే, మా ఇంట్లో గోడ గడియారం ఇంకా వెనక. పేపర్‌కైట్ వాడేవాళ్ళంతా రాసుకునే ఫోరంలో అడగొచ్చు కానీ ఇంగ్లీషులో రాయాలి.

27 జనవరి, శనివారం

బ్లాగు చూసేవాళ్ళు నలుగురయ్యారు. కానీ రైతులు నెట్ సెంటరుకి రారు కదా. అందుకని రోజూ సెంటరు మూసేముందు ఆ వేళ వంతు ప్రింటు తీసి, ఇంటికొస్తూ లాకు గోడకి అంటిస్తున్నాను. ఊరి పేరొక్కటే, అరచేతంత అక్షరాలతో. గట్టు మీద పోయేవాళ్ళకి దూరం నుంచి కనబడాలని అంత పెద్దవి పెట్టాను. అందుకే.

నేను చేరేసరికి ఏడవుతుంది. నాన్న చీటీ వచ్చేదాకా ఆగి అప్పుడు తలుపులు మారుస్తున్నాడు. ఆరు బదులు ఏడు. రెండు ఊళ్ళకీ రెండేసి రోజులు సమంగానే అందుతున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. సెక్షన్ ఆఫీసు కాయితం ట్రంకుపెట్టెలోకి పోయింది.

తూర్పుదిబ్బ పల్లంరాజు గారు చీటీ ముందు నిలబడి, "ఇదెవరు రాశారమ్మా?" అని అడిగారు.

"కంప్యూటరండి."

"అయితే తప్పుండదు," అన్నారాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ. ఆయన కౌలుకి చేసేది ఆరెకరాలు, అంతా శివారే. ఆ మాటకి నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

5 ఫిబ్రవరి, సోమవారం

ఫోరంలో నోరు విప్పాను! డిక్షనరీ పక్కన పెట్టుకుని విప్పాను, అయినా విప్పాను.

పెరూ నుంచి ఎవరో ప్లగిన్‌లో ఊళ్ళ పేర్లు వాళ్ళ భాషలో పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయని ఏడుస్తున్నారు. అదే గోతిలో నేనూ పడి లేచాను. ఫైలుని ఎలా సేవ్ చేయాలో నాలుగు ముక్కలు రాశాను. గంటలో జవాబు: "పనిచేసింది! మా బడిలో పిల్లలు చప్పట్లు కొట్టారు." నన్ను చూసి కాదులే, తెర చూసి. అయినా పెరూలో ఒక బడి గదిలో నా వల్ల చప్పట్లు మోగాయి. మొగల్తూరు బస్టాండు దాకా వెళ్ళడానికి అమ్మ సవాలక్ష ప్రశ్నలు అడుగుతుంది నన్ను!

21 ఫిబ్రవరి, బుధవారం

ఇవాళ భస్మ బుధవారం. చర్చిలో ఆరాధన ఉందని మేడం గారు ఆరుంబావుకే సెంటరు కట్టేశారు. ఆరూ పదికి ప్రింటు తీసుకుని, వెలుగుండగానే ఇల్లు చేరాను. అమ్మ చింతచిగురు పప్పు చేసింది. హాయిగా ఉంది.

22 ఫిబ్రవరి

ఎక్కడ మొదలుపెట్టను?

పొద్దున్న ఎనిమిది దాటాక తూర్పుదిబ్బ వాళ్ళు ఇరవైమంది సైకిళ్ళ మీద వస్తూ కనిపించారు. గట్టు మొదట్లోనే కేకలు. నాన్న లోపలికొచ్చి ట్రంకుపెట్టె తీసి, సెక్షన్ ఆఫీసు కాయితం నా చేతికిచ్చాడు. "నిన్నటి తారీకున ఎవరిదో చదువమ్మా." చదివాను. ఇరవై ఒకటి సాయంత్రం ఆరు నుంచి తూర్పుదిబ్బ. తలుపులు ఇంకా రామాయమ్మపాలెం వైపే ఎత్తి ఉన్నాయి. గోడ మీద నా చీటీలోనూ అదే పేరు, అరచేతంత అక్షరాలతో.

నాన్న గబగబా వెళ్ళి, వాళ్ళు లాకు దగ్గరికి చేరేలోగా ఆ చీటీ చించి జేబులో కుక్కుకున్నాడు.

శివారుకి నీళ్ళు చేరడానికి రాత్రంతా పడుతుంది. వస్తాయి వస్తాయని తెల్లారేదాకా ఓర్చుకున్నారట పాపం. కాలువలో బురదే మిగిలింది. "చేను పొట్ట మీదుందండి పెద్దిరాజు గారూ," అన్నారు పల్లంరాజు గారు నాన్నతో. అరవలేదాయన, అరిచినా బాగుండేది. "ఇప్పుడు తడి తగలకపోతే గింజుండదు, తాలే. మీకు నేను చెప్పాలాండీ?"

వెనక నుంచి ఎవరో, "నీళ్ళు అమ్ముకున్నాడ్రా!" అన్నారు.

నాన్న తలొంచుకుని, "మర్చిపోయానండి. పొరపాటు నాదే," అన్నాడు. తొమ్మిదింటికి తలుపులు మార్చాడు. రోజూ మార్చే ఏడు నుంచి లెక్కేస్తే పధ్నాలుగు గంటల నీళ్ళు పోయాయి.

సెంటరుకెళ్ళి చూశాను. ఆరూ పదికి నేను ప్రింటు తీసినప్పుడు బ్లాగు గడియారంలో అయిదూ నలభై. దాని లెక్కలో వంతు ఇంకా మారలేదు. రోజూ ఆరున్నర దాటాకే తీస్తాను కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఆ ప్లగిన్ నన్ను ముంచింది.

23 ఫిబ్రవరి

సెక్షన్ ఆఫీసు ఇంజనీరు, ఏఈ గారు జీపులో వచ్చారు. మార్చి అయిదు లోపు నాన్న రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. కావాలని చేశాడని తేలితే ఉద్యోగం తీసేస్తారు. ఇంకో రెండేళ్ళ సర్వీసుంది. తూర్పుదిబ్బ వాళ్ళు పోయిన పధ్నాలుగు గంటలు కలిపి ఇమ్మన్నారు. "రామాయమ్మపాలెం వాళ్ళ వంతులోంచే కొయ్యాలి. వాళ్ళొప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు," అన్నారు ఏఈ గారు. రామాయమ్మపాలెం వాళ్ళు ఎవరూ పెదవి విప్పలేదు.

నాన్న నా పేరెత్తలేదు. ప్లగిన్ చేసిన తప్పుకి నేనెందుకు ఎత్తుతాను?

24 ఫిబ్రవరి, శనివారం

ఫోరంలో కడిగి పారేశాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా అయిపోయేదాకా తిట్టాను. "నీ ప్లగిన్ వల్ల ఒక ఊరికి నీళ్ళు రాలేదు. మా నాన్నని దొంగ అంటున్నారు. నీకేం, నువ్వు చల్లగా కూర్చున్నావు." పంపేశాను. రేపు ఆదివారం, సెంటరు ఉండదు. మంచిదే, వాళ్ళు తిరిగి తిట్టే తిట్లు ఒకరోజు ఆలస్యంగా చూడొచ్చు.

26 ఫిబ్రవరి, సోమవారం

నాకు ఇంకా నమ్మకం కుదరడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

నేను తిట్టిన మూడు గంటలకే ఐనో జవాబు రాసింది. "తప్పు నాది. గంటల కోసం నేను పెట్టిన గడి పూర్తి అంకెని ఉంచుకుని మిగతాది పారేస్తుంది. మా దేశానికి అరగంట తేడాలు లేవు, అందుకని నాకు తట్టలేదు. అది కారణమే తప్ప సాకు కాదు. సరిచేశాను. మీ నాన్నగారిని ఎలా క్షమాపణ అడగాలో తెలియడం లేదు. ఆ పొలం ఏమయింది?"

ఒక్క ముక్క ఎదురనలేదు! నేనన్న మాటలకి మన ఊళ్ళో అయితే కొప్పు పట్టుకుని రోడ్డు మీదకి ఈడ్చేవాళ్ళు.

దాని కింద ఇంకో జవాబు, టెహ్రాన్ నుంచి: "మాకూ అరగంట తేడా ఉంది. నేనూ గమనించాను. ఎవరో ఒకరు చెబుతారులే అని ఊరుకున్నాను. నన్ను క్షమించు." ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఇంకొకాయన, అదే మాట. బర్మా నుంచి ఒకరు. కెనడా చివర న్యూఫౌండ్లాండ్ అని ఒక దీవి ఉందట, మ్యాపులో వెతికి పట్టుకున్నాను, అక్కడి నుంచి చేపల పడవల గురించి రాసుకునే ఆవిడ. నేపాల్ వాళ్ళకైతే అరగంట కూడా కాదు, ముప్పావుగంట పోతోంది. భూమి చుట్టూ ఇంతమందిమి ఉన్నాం, అరగంట దేశాల వాళ్ళం! అందరికీ గడియారం తప్పుగా నడుస్తోంది, అందరం చూశాం, అందరం సర్దుకుపోయాం. ఇవాళ వరసగా వచ్చి పేరు పెట్టి మరీ ఒప్పుకుంటున్నారు.

ప్రతి ప్లగిన్‌కీ మార్పుల చిట్టా ఒకటి ఉంటుంది. ఎప్పుడు ఏం మార్చారో, ఎందుకు మార్చారో అందులో ఉంటుంది. ఐనో చిట్టాలో పైన కొత్త వరస చేరింది: "వెర్షన్ 1.3. అరగంట దేశాల్లో సమయం తప్పేది. తప్పు: ఐనో. కనిపెట్టింది: సత్యశ్రీ, మొగల్తూరు, ఇండియా." కిందికి చదువుకుంటూ పోయాను. 1.2లోనూ తప్పు: ఐనో. 1.1లోనూ. రెండు వేలమంది వాడే ప్లగిన్‌కి తన తప్పులన్నీ తనే వరసగా గుచ్చి గుమ్మానికి కట్టుకుంది. అయినా ఎవరూ ఆవిడని ఛీ అనలేదు. ఇంకా ఇంకా వచ్చి వాడుకుంటున్నారు.

మేడం గారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ప్రతి ఆదివారం మేమూ పాపాలు ఒప్పుకుంటామమ్మా. అందరం కలిసి, ఒకే గొంతుతో. అందుకని సులువు. ఇలా ఒక్కళ్ళు లేచి నిలబడి, ఫలానా రోజు ఫలానా తప్పు నాదీ అని చెప్పగా నా వయసులో నేను చూళ్ళేదు."

ఆవిడ అనుమానించని మొదటి వస్తువు ఇదే.

27 ఫిబ్రవరి

కనిపెట్టింది: సత్యశ్రీ. పదిసార్లు చదివాను. సంతోషంగానే ఉంది. అన్నం మాత్రం సయించడం లేదు.

పొలం ఏమయింది అని ఐనో అడిగినదానికి ఇంకా జవాబివ్వలేదు.

28 ఫిబ్రవరి

నాన్న తెల్లకాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "మర్చిపోయాను అని రాస్తే సరిపోతుందంటావా?" అని అడిగాడు. "ఏమో నాన్నా" అని లోపలికొచ్చేశాను.

వచ్చి, ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. జనవరి 19. "పర్లేదులే, మా ఇంట్లో గోడ గడియారం ఇంకా వెనక." నా చేతిరాతే.

కనిపెట్టింది ఫిబ్రవరిలో కాదు. నెల ముందే కనిపెట్టాను. రెండుసార్లు కొట్టి చూసి, ఇంగ్లీషులో అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నాను. ఐనోకి తెలియదు, నాకు తెలుసు. తెలిసి ఆవిడని తిట్టాను.

ఇంకోటి కూడా ఉంది, అదీ రాసేస్తాను. అరచేతంత అక్షరాలు గట్టు మీద పోయేవాళ్ళ కోసం కాదు. నాన్నకి చత్వారం కాదు. మధ్యాహ్నం పూట కూడా గోడ తడుముకుని నడుస్తున్నాడు. అమ్మకీ తెలుసు. లస్కరుకి కళ్ళు కనబడవంటే ఉద్యోగం ఉండదని ముగ్గురం కలిసి చత్వారం అని పేరు పెట్టుకున్నాం.

1 మార్చి, గురువారం

సెంటరులో కూర్చుని టైపు చేశాను. ఐనో చిట్టా చూసే రాశాను, ఆ ధైర్యం నా సొంతం కాదు.

"లాకు చీటీ, సవరణ. ఫిబ్రవరి 21 సాయంత్రం వంతు తూర్పుదిబ్బది. చీటీలో రామాయమ్మపాలెం అని తప్పు పడింది. గడియారం అరగంట వెనక ఉందని నాకు నెల ముందే తెలుసు. సరిచేయలేదు. తూర్పుదిబ్బకి పధ్నాలుగు గంటల నీళ్ళు పోయాయి. తప్పు: సత్యశ్రీ. పెద్దిరాజు గారిది కాదు."

మేడం గారు చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత, "అక్షరాలు పెంచమ్మా. చిన్న అక్షరాల్లో ఒప్పుకుంటే ఎవరు చదువుతారు?" అన్నారు. సొరుగులోంచి టేపు తీసి ఇచ్చారు.

నాలుగు మూలలా టేపు వేసి గోడకి అంటించాను. పల్లంరాజు గారే ముందు చూశారు. మొత్తం చదివి, నా వైపు తిరిగి, "ఈ ముక్క చెప్పడానికి ఎనిమిది రోజులు పట్టిందా అమ్మా?" అన్నారు. సైకిలెక్కి వెళ్ళిపోయారు. కొట్టినా అంత బాధ కలిగేది కాదు.

2 మార్చి

పొద్దున్న లాకు దగ్గర గుంపు. నా చీటీ కింద పెన్సిలుతో ఎవరో రాశారు. వంకరటింకర రాత.

"ఆ రాత్రి మా వంతు కాదని నాకు తెలుసు. నీళ్ళు చేలోకి వస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాదీను. చంద్రరావు, రామాయమ్మపాలెం."

ఊరుకోవడమంటే ఏంటో నాకు బాగా తెలుసు కాబట్టి ఆ వాక్యం నేను రెండోసారి చదవలేకపోయాను. చంద్రరావు గారు అక్కడే, గుంపులోనే ఉన్నారు. చేతులు కట్టుకుని నేల చూస్తున్నారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. టెహ్రాన్ ఎక్కడుంది, రామాయమ్మపాలెం ఎక్కడుంది! టెహ్రాన్ పేరు కూడా ఎప్పుడూ విని ఉండరాయన.

నాన్న వచ్చి, "ఏంటమ్మా, ఏం రాశారు?" అన్నాడు. అందరి ముందూ చదివి వినిపించాను. ముందు నాది, తర్వాత చంద్రరావు గారిది. నా పేరు దగ్గర నాన్న చెయ్యి జేబు మీదకి పోయింది. చించేసిన పాత చీటీ ఇంకా అందులోనే ఉంది.

"పెన్సిలేదీ?" అన్నాడు.

"వద్దు నాన్నా. ఉద్యోగం..."

"పెన్సిలివ్వమ్మా."

ఇచ్చాను. ముక్కు గోడకి ఆనించి, అక్షరం అక్షరం తడుముకుంటూ రాశాడు. వరస ఏటవాలుగా ఎక్కి చంద్రరావు గారి రాత మీదకి పోయింది. "నాకు చూపు ఆనడం లేదు. ఆఫీసు కాయితం చదవలేక పిల్ల చీటీ మీద ఆధారపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. నాదీ తప్పే. పెద్దిరాజు, లస్కరు."

గుంపులోంచి పల్లంరాజు గారు వచ్చి నాన్న మోచెయ్యి పట్టుకుని, గట్టు దిగేదాకా విడవలేదు.

4 మార్చి, ఆదివారం

నిన్న సాయంత్రం రామాయమ్మపాలెం వంతు. తలుపులు మార్చొద్దని చంద్రరావు గారే నలుగురిని వెంటబెట్టుకొచ్చి చెప్పారు. ఇవాళ పొద్దున్న తొమ్మిదికి మార్చాం. పధ్నాలుగు గంటలు. తలుపులు ఎత్తే పళ్ళచక్రం నేను తిప్పాను, ఎంత తిప్పాలో నాన్న పక్కన నిలబడి చెప్పాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

5 మార్చి, సోమవారం

ఏఈ గారు గోడ ముందు నిలబడి మూడు పేర్లూ చదివారు. సంజాయిషీకి ఆ చీటీనే జతచేస్తానన్నారు. నాన్నని కంటి ఆపరేషనుకి సెలవు పెట్టమన్నారు. ఉద్యోగం సంగతి పైవాళ్ళు తేల్చాలట. "తేల్చనీ, ముందు నీ మొహం కనబడితే చాలు," అన్నాడు నాన్న.

మధ్యాహ్నం పల్లంరాజు గారు నెట్ సెంటరుకి వచ్చారు. ఇన్నేళ్ళలో మొదటిసారి. చెప్పులు బయటే విడిచి, మోకాళ్ళ దాకా బురదతో గుమ్మంలో నిలబడి, "చివరి మడి దాకా తడిసిందమ్మా. కాస్త తాలు పోతుంది. మిగతాది నిలబడుతుంది," అన్నారు. లోపలికి రమ్మంటే నేల పాడవుతుందని రాలేదు.

ఆయన వెళ్ళాక ఫోరం తెరిచాను. ముందు జనవరి 19 సంగతి ఐనోకి ఉన్నదున్నట్టు రాశాను, చిట్టాలో నా పేరు ముందు 'కనిపెట్టింది' తీసేయమన్నాను. తర్వాత ఆవిడ అడిగినదానికి జవాబు రాశాను.

పొలానికి నీళ్ళందాయి.